అరవిస్తరి గౌరీ వ్రత కథ

అందరును అక్షతలు చేతబట్టుకొని, వంటయింటి వైపు చూడక, ఈ కథను శ్రద్ధగా వినవలెను. నైవేద్యము ఎక్కడికిని పారిపోదు. కథ నడుచుచుండగా జీడిపప్పు నోట వేసికొన్నవారికి ఫలము దక్కదు. వెనుక వరుసలో కూర్చున్న పెద్దలకును ఇదియే మాట.

పూర్వమొకప్పుడు తపోవనమున మునులందరు కూడియుండగా, పీనోదరుడను ముని ప్రశ్న అడుగుటకై లేవబోయి, లేవలేక, కూర్చుండియే మితవాక మహర్షికి నమస్కరించెను. సంపదలకు వ్రతము కలదు, సంతానమునకు వ్రతము కలదు, తప్పిపోయిన ఆవు దొరకుటకు సైతము వ్రతము కలదు. కాని తమ పాదములను తామే చూడజాలనంతగా పొట్ట పెరిగినవారు తగ్గుటకును, తగ్గిన పిదప మరల పెరుగకుండుటకును ఏ వ్రతము చేయవలెనో సెలవీయుడని ప్రార్థించెను. ఇది తన కొరకు కాదనియు, కేవలము లోకహితము కొరకే అడుగుచున్నాననియు చెప్పెను. మహర్షి ఆయన పొట్టను ఒకసారి చూచి, లోకహితమే యని ఒప్పుకొని, ఇట్లు చెప్పసాగెను.

దీపగిరి యను కొండ క్రింద శాలిపురమను పట్టణము కలదు. ఆ ఊరి బియ్యము సన్నము, నేయి కమ్మన, ఇండ్లు ఎప్పుడును అతిథులతో నిండియుండెను. అక్కడి భోజనములలో ఒక ఆచారముండెను. తినువాడు చాలుననుట మర్యాద. వడ్డించువారు ఆ మాట వినిపించుకొనకుండుట అంతకంటె పెద్ద మర్యాద. విస్తరిపై చేయి అడ్డము పెట్టినచో వ్రేళ్ల సందులనుండి నేయి వంచుదురు. రెండు చేతులు అడ్డము పెట్టినచో ఒట్టు పెట్టి వడ్డించుదురు. మడిచిన విస్తరిని విప్పించిన ఇల్లాండ్రును ఆ ఊర కలరు.

ఆ పట్టణమున మాచన యను గృహస్థుండెను. కార్తిక పౌర్ణమినాడు నేతికుండను నెత్తిన పెట్టుకొని, కాలినడకన కొండనెక్కి, పొద్దు గుంకగనే శిఖరముపై గౌరీదేవి కోవెలలో ఆకాశదీపము వెలిగించుట అతని వంశమువారి హక్కు. ఆ దీపము కంటబడువరకు కొండ క్రింది జనులందరు ఉపవాసముండి, దానిని చూచిన పిదపనే అన్నము తినెదరు. మాచన తండ్రియు తాతయు ఆ మెట్లను ఆగకుండ ఎక్కి దిగినవారు. మాచనకు ఆ నేతికుండకంటె ప్రియమైనది లోకమున మరొకటి లేదు, ఒక్క భోజనము తప్ప.

అతని భార్య తిప్పాంబ. ఆమె సుగుణవతి, వంటలో దిట్ట. ప్రేమను నోట చెప్పుట ఆమె ఎరుగదు, గరిటెతో చెప్పును. భర్త చాలుననినచో తన వంట నచ్చలేదేమో యని ఆమెకు కన్నీరు వచ్చును; కావున మాచన ఆ మాట అనుట మానివేసెను. ఏకాదశినాడు అన్నము ముట్టరాదు గనుక ఉదయము ఇడ్డెనలు, మధ్యాహ్నము దోసెలు, సాయంకాలము ఉప్పుపిండి చేసి పెట్టెడిది. అదంతయు ఉపవాసమే. ప్రసాదము దేవునిది గనుక అది తిండి లెక్కలోనికి రాదని ఇద్దరును నమ్మిరి. ఇట్లుండగా మాచన పంచె కొనలు ఒకదానికొకటి అందకుండ పోయెను.

ఒక కార్తిక పౌర్ణమినాడు మాచన నేతికుండతో బయలుదేరి, మెట్టుమెట్టునకు కూర్చుండి ఆయాసము తీర్చుకొనుచు పోయెను. పొద్దు గుంకెను, చంద్రుడు పైకి వచ్చెను, దీపము మాత్రము రాలేదు. క్రింద పిల్లలు ఏడ్చిరి, ముసలివారు సొమ్మసిల్లిరి, కాచిన పులుసులు చల్లారెను. మాచన తిన్న తిండికి ఊరంతయు ఉపవాసముండెను. చంద్రుడు నడినెత్తికి వచ్చిన పిదప దీపము వెలిగెను గాని, అప్పటికి మ్రొక్కువారికంటె తిట్టువారే ఎక్కువైరి. ఊరి పెద్దలు కూడి, మరుసటి ఏడును ఇట్లే జరిగినచో నేతికుండను మాచన దాయాదియగు నాగనకు ఇచ్చెదమని తీర్పు చెప్పిరి. నాగన వెదురుబొంగువలె సన్ననివాడు.

మాచన ఇల్లు చేరి భార్యతో, "నాయన పోయేముందు ఆ కుండ తన చేత్తో నా నెత్తిన పెట్టినాడే తిప్పమ్మా. అది దిగిపోతే నేనింక ఊళ్లో తలెత్తుకోలేను" అని ఏడ్చెను. ఆమెయు ఏడ్చి, ముందు రెండు ముద్దలు తినుమని వడ్డించెను.

నాటినుండి మాచన నిరాహారుడై కూర్చుండెను. నీళ్లు తప్ప ముట్టనని పట్టుపట్టి, కొన్నినాళ్లకు కన్నులు తిరిగి, చలిమిడి పాత్రమీద పడి, అడుగు కనబడువరకు లేవలేదు. తిప్పాంబ తనకు తెలిసిన నోములన్నియు పట్టెను. ప్రతి నోమునకును ఒక నైవేద్యము కలదు. ఒక దేవతకు బూరెలు, ఒక దేవతకు పరమాన్నము, ఒక దేవతకు పులగము వండి నివేదించి, పతి క్షేమము కొరకు ఆ ప్రసాదమంతయు పతికే పెట్టెను. నోములు పెరిగినకొలది మాచనయు పెరిగెను.

గౌరీదేవి కొండమీదినుండి ఇది చూచి మొదట నవ్వెను, పిదప జాలిపడెను. ఒకనాటి మధ్యాహ్నము ముసలి పేరంటాలి వేషమున వారి ఇంటికి వచ్చి ఆకలి యనెను. తిప్పాంబ సంతోషించి పెద్ద విస్తరి వేసెను. ముసలామె ముందుగా కూరలు అడిగెను. తోటకూర, బీరకాయ, చిక్కుడుకాయ, దోసకాయ ముక్కలు సగము విస్తరి నిండ వేయించుకొని, మిగిలిన సగములో కొంచెము అన్నము, కొంచెము పప్పు పెట్టించుకొనెను. కూరలు తిని, ఆ పిదప అన్నము తిని, ప్రతి ముద్దను బాగుగ నమలి, మజ్జిగ త్రాగి, చాలుననెను. తిప్పాంబ అలవాటు చొప్పున నేతి అన్నముతో గరిటె నెత్తెను. ఎత్తిన గరిటె ఎత్తినట్లే నిలిచెను. వంచబోయిన వంగదు, విడువబోయిన చేయి వదలదు, ఒట్టు పెట్టబోయిన నోరు పెగలదు. శాలిపురపు ఇల్లాలికి అంతకుమించిన ఆపద లేదు.

అప్పుడా ముసలామె, "చాలన్నాక ఆగటం కూడా పెట్టటమేనమ్మా. నీ మొగుడు ఆ కొండ ఎక్కాలంటే ముందు నీ గరిటె గిన్నెలోకి పోవాలి" అనెను. తిప్పాంబ మనస్సులోనే ఒప్పుకొనెను. వెంటనే చేయి వదులై గరిటె గిన్నెలో పడెను. దేవి నిజరూపము చూపి, అరవిస్తరి వ్రతమును ఉపదేశించి అంతర్ధానమయ్యెను.

ఆ వ్రత విధానమెట్టిదనిన, తోరమును చేతికి గాక నడుమునకు కట్టుకొనవలెను. అది వదులైనప్పుడెల్ల ఒక ముడి వేయవలెను. బిగిసినచో తోరమును తిట్టక విస్తరిని చూచుకొనవలెను. విస్తరిలో సగము కూరలుండవలెను, వాటినే ముందు తినవలెను. అన్నము పిదప, అదియు దంపుడు బియ్యముదైన మేలు. కడుపు నిండినదని తెలియుటకు కొంత వేళ పట్టును గనుక తొందరపడరాదు. ఇంకను కొంచెము చోటుండగానే లేవవలెను. చీకటి ముదరకమునుపే రాత్రి భోజనము ముగించి, పడక చేరక, వీధి చివరవరకు నడచి రావలెను. పస్తుండరాదు; పస్తున్నవాని చేతికి చలిమిడి తప్పక దొరకును. ప్రసాదమును కన్నుల కద్దుకొని వ్రేలికొన మేర మాత్రమే తీసికొనవలెను. దేవునికి పెట్టినది పొట్టకు తెలియదనుకొనుట అపచారము. అన్నిటికంటె ముఖ్యముగా, చాలుననిన మాటను వడ్డించువారు మంత్రమువలె వినవలెను.

మాచన నడుమునకు తోరము కట్టుకొనెను. తొలినాళ్లలో తోటకూరను చూచి, దగ్గర చుట్టము పోయినవానివలె కూర్చుండెను. తిప్పాంబ చేయి మారు వడ్డనకు లేచి, మరల కొంగులో దాగెను. బంధువులు వచ్చి, ఇంత చిక్కిపోతివేమి, ఒంట్లో బాగుండుట లేదా యని అడిగిరి. మేనత్త అరిసెల కుండ తెచ్చి గుమ్మములో చతికిలబడి శోకించెను. అయినను దంపతులు చలింపలేదు. మాచన ప్రతిదినమును కొండమీదికి నడచి, నేడు ఆగిన చోటును రేపు దాటుచు పోయెను. తోరమునకు ముడులు పెరిగెను. మరుసటి కార్తిక పౌర్ణమినాడు పొద్దు గుంకుచుండగనే దీపము వెలిగెను. జనులందరు చేతులెత్తి మ్రొక్కి, వేడివేడి పులుసుతో అన్నము తినిరి. మాచన కొండ దిగివచ్చుచు, తండ్రి చూచిన బాగుండునని తలచి కన్నీరు తుడుచుకొనెను.

వ్రతము ఫలించినది గనుక ఇక ఉద్యాపన చేయవలెనని బంధువులు పట్టుపట్టిరి. ఉద్యాపన లేని నోము నోమే కాదని మేనత్త గట్టిగా చెప్పెను. దంపతులును అది నిజమే యని తలచి, తోరమును తెంచి ఏటిలో కలిపి, ఊరందరిని పిలిచి, బూరెలు, గారెలు, బొబ్బట్లు, పెరుగావడలతో విందు చేసిరి. నోము ముగిసినది గదా యని మాచన ఆనాడు విస్తరికి చేయి అడ్డము పెట్టలేదు. మరునాడు మిగిలిన బూరెలు పారవేయరాదని తినెను. ఆ మరునాడు ఏ కారణమును లేకయే తినెను. తిప్పాంబ గరిటెకు పాత బలము తిరిగి వచ్చెను. పోయిన పొట్ట వడ్డీతో సహా వచ్చి కూర్చుండెను.

తరువాతి కార్తికమున మాచన సగము కొండ ఎక్కి, మోకాలు నిలువక తూలెను. నేతికుండ జారి పగిలెను, నేయి మెట్లవెంట పారెను. నాగన వేరొక కుండతో పరుగున పోయి దీపము వెలిగించెను. పెద్దలు అక్కడికక్కడే హక్కును అతనికిచ్చిరి. మాచన ఇల్లు చేరి గోడవైపు తిరిగి పరుండెను. ఎన్నడును లేనిది, అతనికి ఆకలి వేయలేదు. అది చూచి తిప్పాంబకు నిజముగ భయము వేసెను.

మరునాడు ఆమె తానే కొండనెక్కి, రొప్పుచు, దేవి యెదుట నిలిచి నిష్ఠూరమాడెను. చెప్పినట్లే చేసితిమి, ఉద్యాపనయు ఘనముగ చేసితిమి, ఏ లోపమునకు ఈ శిక్షయని అడిగెను. గర్భగుడినుండి దేవి, "ఉద్యాపన చెయ్యమని నేను చెప్పానా తల్లీ? ఆకలి రేపు మళ్లీ వస్తుంది. నా నోమూ రేపు మళ్లీ పట్టాలి" అని పలికెను. అట్లయిన ఈ జన్మమున బూరె మొగము చూడరాదా యని తిప్పాంబ దీనముగ అడిగెను. పండుగనాడు ఒకటి తినవచ్చుననియు, ఒకపూట కట్టు తప్పినచో మరుపూట అరవిస్తరి కూరలతో కూర్చుండుటయే ప్రాయశ్చిత్తమనియు, ఎటులైనను చెడితిని గదా యని రెండవదియు మూడవదియు తినువారిపైననే తనకు కోపమనియు దేవి చెప్పెను.

తిప్పాంబ దిగివచ్చి, ఈసారి తన నడుమునకును తోరము కట్టుకొని, మాచనను లేపెను. హక్కు పోయిన పిదప ఇంకెవరి కొరకు తగ్గవలెనని అతడు అడిగెను. ఆమె, "నా కోసం. మీరు నాకింకా చాలాకాలం కావాలి" అనెను. కాపురమునకు వచ్చినది మొదలు ఆమె అట్టి మాట అనియుండలేదు. మాచన లేచి పెరటిలోనికి పోయి తోటకూర కోసి తెచ్చెను.

ఇది ఇట్లుండగా నాగనకు ఊర ఆదరణ పెరిగెను. దీపము వెలిగించువానికి భోజనము పెట్టుట శాలిపురమువారికి పుణ్యము. నేడు ఒక ఇల్లు, రేపు ఒక ఇల్లు. నాగన పాపము చాలుననెను, చేతులు అడ్డము పెట్టెను, విస్తరి మడిచెను, ఎవరును వినలేదు. ఏడు తిరుగునప్పటికి వెదురుబొంగు గుమ్మడిపండాయెను. కార్తిక పౌర్ణమినాడు అతడు సగము కొండపై నేతికుండతో కూలబడెను. పొద్దు గుంకుచుండెను. క్రింది జనులు మరల మొదలాయెనని నుదురు కొట్టుకొనిరి.

అప్పుడు మాచన ఎవరును పిలువకయే మెట్లవెంట పరుగెత్తెను. కుండ లాగుకొని పోయినను అడ్డగించువారు లేరు, పెద్దలును మెచ్చుదురు. కాని నాగన ఆ కుండను రెండు చేతులతో హత్తుకొని ఏడ్చుచుండుట చూచి, మాచన మనస్సు కరగెను. అతనిని లేవనెత్తి, కుండను తాను మోసి, అతని చేయి విడువక శిఖరము చేర్చెను. ఇద్దరును కలిసి వత్తి ముట్టించిరి. పడమట ఎరుపు ఆరకమునుపే దీపము వెలిగెను. పెద్దలు హక్కును మాచనకు తిరిగి ఈయబోగా, ఇకమీదట ఇద్దరము కలిసి ఎక్కెదమని అతడు చెప్పెను.

మరునాడు మధ్యాహ్నము మాచన నాగనను భోజనమునకు పిలిచెను. ఏమి జరుగునో చూడవలెనని ఊరి ఇల్లాండ్రందరు గుమ్మమువద్ద మూగిరి. నాగన సగము విస్తరి కూరలు తిని, అన్నము తిని, "చాలు వదినా" అనెను. అని, ఆశ లేనివాడై, రెండు చేతులు విస్తరికి అడ్డము పెట్టి, కన్నులు మూసికొనెను. తిప్పాంబ చేత గరిటె ఉండెను. అందులో ఆమె చేసిన ముద్దపప్పు, అప్పుడే కాచిన నేయి. దేవి ఆమె చేతిని పట్టుకొనలేదు. గరిటె కొంచెము వంగెను, మరల నిలిచెను. తిప్పాంబ దానిని గిన్నెలో పెట్టి మూత వేసి, "సరే మరిదీ, చేయి కడుక్కో" అనెను. నాగన కన్నులు తెరచి, ఖాళీగా నున్న విస్తరిని చూచి, కొండమీద ఏడ్చినదానికంటె ఎక్కువగా ఏడ్చెను. గుమ్మమువద్ద ఇల్లాండ్రు ఒకరి మొగము ఒకరు చూచుకొని ఇండ్లకు పోయిరి. ఆ రాత్రి శాలిపురమున చాలుననిన మాట వడ్డించువారికి మొదటిసారి వినబడెను.

కావున ఈ వ్రతమును కూర్చుండి పని చేయువారు, పెండ్లిండ్లలో రెండు పంక్తులు కూర్చుండువారు, పిల్లలు విడిచినది పారవేయలేక తినెడి తల్లులు, కొత్త అల్లుండ్రు, వారికి వడ్డించు అత్తగార్లు, వచ్చే సోమవారమునుండి మొదలిడెదమని ప్రతి సోమవారమును చెప్పువారు తప్పక చేయవలెను. చేసినవారికి మోకాళ్ల నొప్పులు తీరును, నిద్ర పట్టును, పెట్టెలోని పాత బట్టలు పట్టును, మెట్లు చూచిన భయము పోవును, మనుమలతో పరుగెత్తు భాగ్యము కలుగును. చాలుననగనే వడ్డన ఆపినవారికి వ్రతము చేసినవారికంటె రెట్టింపు పుణ్యము. ఈ కథ చెప్పుటలో ఒక మాట తప్పినను దోషము లేదు, వ్రతములో ఒకపూట తప్పినను దోషము లేదు, మరుపూట మరువకున్న చాలును.

అని మితవాక మహర్షి పలికెను. అక్షతలు తలపై వేసికొని, దేవికి నమస్కరించి, అందరును అరవిస్తరి కూరలతో కూర్చుండవలెను. ఉద్యాపన ఎప్పుడని మాత్రము ఎవరును అడుగరాదు.