తాడు రెండో కొస

కొండచరియకు, ఒక సన్నటి రాతి అరుగు పక్కన, తేనెపట్టు వేలాడుతోంది. అది తీయాలంటే ఒకడు తాడు కట్టుకుని దిగాలి, ఇంకొకడు పైన తాడు పట్టుకోవాలి. ఆ ఊళ్లో తాడు బావమరిదే పట్టాలి. సొంత అన్నదమ్ముల్ని కూడా నమ్మరు. అక్క బొట్టు చెరగకూడదనుకునేవాడు తాడు వదలడని వాళ్ల ధీమా.

ఈ బావమరిది వీరుడేం కాదు. మంచం మీంచి కిందికి చూసినా కళ్లు తిరిగేవి. "బావది ధైర్యం, నాది బరువు. ఇద్దరం కలిస్తే ఒక మొనగాడు" అని తన బొజ్జ తానే తట్టుకునేవాడు. తాడు కొసను మద్దిచెట్టు మోడుకి కట్టి, ముందు కూర్చుని పట్టుకునేవాడు. కిందనుంచి ఒకసారి గుంజితే వదులు చెయ్యాలి, రెండుసార్లు గుంజితే లాగాలి. అంతకుమించి మాటల్లేవు.

వానాకాలంలో జ్వరమొచ్చి అక్క పోయింది.

ఎండలు ముదిరాక బావ తాడు భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్క పోయిందిగా. ఇక నువ్వు పట్టాల్సిన పని లేదురా. ఎవర్నైనా చూసుకుంటా."

"నాకంటే లావుపాటివాడు దొరికాడా?"

బావ నవ్వలేదు. అక్క ఉంటే పడీపడీ నవ్వేది. బావమరిది తాడు లాక్కుని ముందు నడిచాడు.

బావ దిగాడు. కాసేపటికి చేతుల్లో తాడు ఉన్నట్టుండి తేలికైపోయింది. బావమరిది కేకేశాడు. గాలి మింగేసింది. అంచుదాకా పాక్కుంటూ వెళ్లి, తీరా చూడలేక కళ్లు మూసుకున్నాడు. పైనుంచి కిందికి చెప్పే సైగ ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఎవరికీ అవసరం పడలేదు. వెనక్కి పాకి మోడు ముందు కూర్చున్నాడు.

మూడుసార్లు గుంజాడు. దానికి అర్థం లేదు. మళ్లీ మూడుసార్లు గుంజాడు.

మోడు నీడ అతని వీపు మీంచి పక్కకు జరిగిపోయింది. అప్పుడు కిందనుంచి రెండు గుంజులు వచ్చాయి.

బావ పైకొచ్చాడు. నడుముకి ముడి లేదు. తాడు పట్టుకున్న అరచేతులు చీరుకుపోయాయి. బుట్ట ఖాళీ.

"తేనేది బావా?"

"పొగ ఎక్కువైందిరా. కళ్లు మండాయి."

పొగపెట్టే ఆకులకట్ట అంటించకుండానే అతని భుజానికి వేలాడుతోంది. బావమరిది దాన్ని చూడనట్టే కళ్లు తుడుచుకున్నాడు.

"అవును, ఇక్కడిదాకా వచ్చింది."

మర్నాడు దిగబోతూ బావ వెనక్కి చూశాడు. తాడు రెండో కొస మోడుకి లేదు. బావమరిది బొజ్జ చుట్టూ ఉంది.

"అదేంట్రా?"

"మోడు పుచ్చిపోయింది బావా."

బావ మోడును ఒక్క తన్ను తన్నాడు. అది ఖంగుమంది.

తన నడుము దగ్గర ముడి విప్పి, ఇంకో మెలిక ఎక్కువ వేసి, మళ్లీ కట్టుకున్నాడు.