చిరుగాలి పాత పేరు

రాజాం ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గర పనిచేసే కేదారికి, చేతికందిన ఏ మాటనైనా నలుగురి ముందూ పరిస్తే గానీ మనసు కుదుటపడేది కాదు.

చెడ్డవాడు మాత్రం కాదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. పొద్దున్నే స్నానం చేసి, కాటా గదిలోని ఆంజనేయస్వామి పటానికి పువ్వు పెట్టనిదే మొదటి లారీని ఎక్కించేవాడు కాదు. "సరుకు ఇంత ఉంటుందిలే" అని ఏ డ్రైవరైనా అంటే, "నోటి లెక్క నాకొద్దు బాబూ, కాటా ఎక్కించు" అనేవాడు. తూచిన బరువును వెనక లారీ వాళ్ళకు కూడా వినపడేలా పైకి చదివేవాడు. ఎక్కడ దాపరికం ఉందో అక్కడే మోసం ఉందని అతని నమ్మకం.

కేదారికి ఉన్న సరదా ఒక్కటే. ఫోన్‌లో కోట ఆట. ఒక జట్టు కోటను కాపాడుతుంది, ఇంకో జట్టు దాడి చేస్తుంది. ఊళ్ళో కుర్రాళ్ళూ పెద్దవాళ్ళూ కలిసి 'రాజాం రక్షకులు' అని జట్టు కట్టారు. కేదారి కెప్టెన్. ఫోన్‌లో వాళ్ళకో గ్రూపు ఉండేది.

ఆ ఆట కంపెనీకి సహాయ విభాగం ఒకటుంది. ఆటగాళ్ళు తమ ఇబ్బంది రాసి పంపితే వాళ్ళు జవాబు రాస్తారు. ప్రతి జవాబు చివరా 'ఇది మీకు మాత్రమే, దయచేసి ఇతరులకు చూపకండి' అని ఉండేది. ఆ మాట చూస్తే కేదారికి నవ్వొచ్చేది. "వాళ్ళ తప్పులు బయటపడకుండా వాళ్ళు పెట్టుకున్న కట్టడి ఇది" అని, తనకొచ్చిన ప్రతి జవాబునూ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేవాడు. "మా కెప్టెన్ దగ్గర దాపరికం లేదు" అని ఆటో నడిపే ఢిల్లేశ్వరరావు మెచ్చుకునేవాడు. అలా పెట్టినందువల్ల ఎన్నడూ ఎవరికీ నష్టం రాలేదు. రాకపోవడమే కేదారిని పాడుచేసింది.

ఆ రోజుల్లో సన్యాసమ్మ కుట్టు దుకాణంలో జాకెట్లు కుట్టే పనికి రోజారాణి అనే అమ్మాయి వచ్చింది. ఏలూరు వైపు నుంచి వచ్చిందని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. దుకాణం వెనక గదిలో సన్యాసమ్మ దగ్గరే ఉండేది. ఒకనాడు ఢిల్లేశ్వరరావు చెల్లెలి జాకెట్టు కోసం వచ్చి, అరుగు మీద కూర్చుని ఆడుతుంటే, రోజారాణి వెనక నుంచి చూసి, "కోట గుమ్మం దగ్గర నిలబడకండి అన్నా, వాళ్ళని లోపలికి రానివ్వండి, అప్పుడు మూయండి" అంది. అతను అలాగే చేశాడు. గెలిచాడు. ఆ వారమే ఆమెను జట్టులో చేర్చుకున్నారు. ఆటలో ఆమె పేరు చిరుగాలి.

చిరుగాలి వచ్చాక రాజాం వాళ్ళు బొబ్బిలి జట్టును మొదటిసారి ఓడించారు. ఆదివారం అందరూ టిఫిన్ హోటల్లో కలుసుకున్నప్పుడు రోజారాణి నవ్వింది. పక్కనున్న సన్యాసమ్మ కేదారితో మెల్లగా, "ఈ పిల్ల నవ్వగా చూడడం నాకిదే మొదలు బాబూ. మీ ఆట చల్లగుండ" అంది.

ఓడినవాళ్ళు ఊరుకుంటారా? చిరుగాలి ఖాతా మీద బొబ్బిలి వాళ్ళు కన్నేశారు. పేరు కొత్తది, బలం చూస్తే ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళ బలం. ఎవరి ఖాతానో కొట్టేసి తెచ్చుకున్నారని ప్రచారం మొదలుపెట్టారు. జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. ఆ మాట రుజువైతే జట్టు మొత్తం పోటీ నుంచి అవుట్.

మరుసటి ఆదివారం హోటల్లో ఢిల్లేశ్వరరావు అందరి ముందూ అడిగేశాడు. "అమ్మా రోజారాణీ, నిన్న పుట్టిన పాపకి ఇయ్యాల మీసాలెలాగొచ్చాయని బొబ్బిలోళ్ళు అడుగుతున్నారు. ఏటి చెప్పమంటావు?"

"ఆ ఖాతా నాదే అన్నా. పేరు మార్చుకున్నాను."

"పేరు మారిస్తే కింద పాత పేరు కనబడతాది కదా. నీకు కనబడదేం?"

"కనబడకుండా తీసేయమని కంపెనీని అడిగాను."

"ఎందుకో?"

రోజారాణి ప్లేటులో ఇడ్లీని వేలితో నొక్కుతూ కూర్చుంది. "ఢిల్లేసూ, టీ తాగు. చల్లారిపోతాది" అంది సన్యాసమ్మ.

మర్నాడు మధ్యాహ్నం రోజారాణి కాటా దగ్గరికి వచ్చింది. లారీ ఒకటి దిగేదాకా ఆగి, లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"అన్నయ్యా, రుజువు నా దగ్గరుంది. మీకొక్కరికే చూపిస్తాను. మీరు చూశానని చెబితే వాళ్ళు నమ్ముతారు కదా?"

"నా మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతారమ్మా?"

ఆమె అతని ఫోన్‌కి పంపింది. అది కంపెనీ సహాయ విభాగం రాసిన జవాబు. 'మీరు కోరినట్టు నీలిపిట్ట అనే పాత పేరు తీసేసి చిరుగాలి అని మార్చాం. పాత పేరు ఇక ఎవరికీ కనిపించదు. మీ ఆచూకీ చెప్పమని రాసిన వ్యక్తికి మేము ఏ వివరమూ ఇవ్వలేదు, ఇవ్వం. మీరు జాగ్రత్తగా ఉండండి.' కింద ఎప్పుడూ ఉండే మాట. 'ఇది మీకు మాత్రమే.'

"ఆచూకీ అడిగింది ఎవరమ్మా?"

"మా ఆయన. మొదట ఆటలో ఓడిన రోజు కొట్టేవాడు. తర్వాత గెలిచిన రోజు కూడా. చెప్పకుండా వచ్చేశాను. దొరికితే బతకనివ్వడు." అతని చేతిలోని ఫోన్ వైపు చూస్తూ, "నాకీ ఊళ్ళో మాట్లాడేవాళ్ళు మీరే. జట్టులోంచి తీసేస్తారేమోనని చూపించాను. చదివేశారుగా, తుడిచేయండి అన్నయ్యా" అంది.

"తుడిచేస్తాను తల్లీ. నిశ్చింతగా వెళ్ళు" అన్నాడు కేదారి. నిజంగానే తుడిచేద్దామనుకున్నాడు. అంతలో లారీ హారన్ కొట్టింది.

సాయంత్రం గ్రూపులో, "రుజువు చూశాను. ఖాతా ఆమెదే" అని రాశాడు. ఒకడు నవ్వు బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, "కెప్టెన్ గారు చూస్తే చాలా? లారీ బరువైతే ఊరంతా వినేలా చదువుతారే" అన్నాడు. "ఆడపిల్ల అడిగేసరికి కాటా ముల్లు వంగిపోయినట్టుంది" అన్నాడు మరొకడు.

ఆ మాట కేదారికి గుచ్చుకుంది. తన నిజాయితీ మీద పడ్డ దెబ్బ అది. కానీ మనసు ఎంత మాయదో చూడండి, అది అతనితో ఆ సంగతి అనలేదు. పాపం, ఆ పిల్ల మీద నింద పోవాలి అంది. కేదారి ఆ జవాబును మళ్ళీ తెరిచాడు. ఆచూకీ అడిగిన వ్యక్తి గురించి ఉన్న వాక్యాలను శ్రద్ధగా నల్లగా పూసేశాడు. పేరు మార్చిన వాక్యాన్ని వదిలేశాడు. రుజువు అదే కదా. "ఇదిగో. ఇక మా చెల్లెల్ని ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోను" అని రాసి గ్రూపులో పెట్టాడు.

చప్పట్ల బొమ్మలు వచ్చాయి. క్షమాపణలు వచ్చాయి. ఢిల్లేశ్వరరావు సంతోషం పట్టలేక, బొబ్బిలోళ్ళ నోళ్ళు మూయించడానికి దాన్ని వాళ్ళకు పంపాడు. వాళ్ళు వేలమంది ఉన్న పెద్ద గ్రూపులో వేశారు. ఒక మంచి పని చేశానని కేదారి స్వామికి దణ్ణం పెట్టుకున్నాడు.

తెల్లారి రోజారాణి ఫోన్ చేసింది. "తీసేయండి అన్నయ్యా."

"నీ మంచికేనమ్మా. నీ కష్టం గురించి ఉన్నదంతా నల్లగా చేశాను కదా."

"నీలిపిట్ట అన్న పేరు ఉంది కదా అన్నయ్యా. ఆటలో ఆయనకు తెలిసిన నా పేరు అదొక్కటే."

కేదారి వెంటనే తీసేశాడు. తన గ్రూపులోంచి తీసేశాడు, అంతే. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో ఆ పైవాడికే తెలియాలి.

వారం తిరక్కముందే, మధ్యాహ్నం పూట, ఢిల్లేశ్వరరావు ఆటో కాటా ముందు ఆగింది. వెనక సీట్లోంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి దిగి నమస్కారం పెట్టాడు.

"రాజాం రక్షకుల కెప్టెన్ మీరేనట. నీలిపిట్ట అని ఎన్ని గ్రూపుల్లో అడిగానో నాకే తెలీదండి. ఎవరూ చెప్పలేదు. మీ పుణ్యమా అని దొరికింది. కృతజ్ఞతలు చెప్పి వెళదామని ఆగాను."

"ఎవరండీ? మీరెవరో..." అంటూ కేదారి తడబడ్డాడు. ఆ మనిషి ఫోన్ చూపించాడు. దాని మీద కేదారి పూసిన నల్ల గీతలు ఉన్నాయి. గీతల పైన రెండు పేర్లూ స్పష్టంగా ఉన్నాయి. చిరుగాలి రాజాం జట్టులో ఆడుతోందని తెలుసుకోవడం ఇక ఎంతసేపు?

"మన రోజారాణికి చుట్టమంట అన్నా" అన్నాడు ఢిల్లేశ్వరరావు, ఏమీ తెలియక నవ్వుతూ. "దుకాణం దగ్గర దింపేస్తాను."

"ఢిల్లేసూ, ఆగు" అని కేదారి పరిగెత్తాడు. ఆటో చప్పుడులో ఆ పిలుపు వినపడలేదు. పరిగెడుతూనే ఫోన్ చేశాడు.

"అమ్మా, అతను వస్తున్నాడు."

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. రోజారాణి నిందించలేదు. "తలుపు వేసుకునేంత టైముందా అన్నయ్యా?" అని అడిగింది.

లేదు. కేదారి వెళ్ళేసరికి వీధి నిండా జనం. సన్యాసమ్మ నుదుటి నుంచి రక్తం కారుతోంది. అడ్డం పడితే నెట్టేశాడట. రోజారాణి వెనక గోడ వారన పడి ఉంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఆమె కుడిచేతి మీద పదే పదే కొట్టాడు. ఆ మనిషిని నలుగురు పట్టుకుని ఉంటే, చొక్కా సరిచేసుకుంటూ నిలబడ్డాడు. ఢిల్లేశ్వరరావు ఆటో పక్కన కూలబడి తల కొట్టుకుంటున్నాడు.

పోలీసులు అతన్ని తీసుకెళ్ళారు. రోజారాణి చేతి ఎముకలు అతికినా వేళ్ళు వంగవని, ఇక సూది పట్టలేదని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళకు ఆమె మొగుడికి బెయిలు వస్తోందని తెలిసింది. అతను బయటికి వచ్చేలోగా రోజారాణి ఊరు వదిలి వెళ్ళిపోయింది. చిరుగాలి ఖాతా కూడా మూతపడింది. రాజాం జట్టు పోటీలకు వెళ్ళలేదు. ఎవరూ వెళదామని అనలేదు.

కేదారికి అన్నం సయించలేదు. ఒకనాడు సన్యాసమ్మ దుకాణానికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఆమె ఎక్కడుందో ఒక్కసారి చెప్పండి. కాళ్ళు పట్టుకుని క్షమించమంటాను."

సన్యాసమ్మ తలెత్తలేదు. "ఆ రోజు దాని మొగుడూ ఈ గుమ్మంలోనే నిలబడి అదే అన్నాడు బాబూ. ఎక్కడుందో చెప్పు, కాళ్ళు పట్టుకుంటానని."

"నేనెవరికీ చెప్పనమ్మా."

ఆమె సూదిలో దారం ఎక్కించి ఇలా అంది. "నేను రోజూ దేవుడి ముందు కూర్చుని నా కష్టాలన్నీ ఏకరువు పెడతాను. ఇన్నేళ్ళలో ఆయన వాటిలో ఒక్కటైనా ఈ వీధిలో ఎవరికైనా చెప్పాడా బాబూ? అందుకే మళ్ళీ ఆయన దగ్గరికే పోతాను."

కేదారి తిరిగి వచ్చాడు. ఆ రోజు నుంచి స్వామి ముందు నిలబడి క్షమించమని అడుగుతూనే ఉన్నాడు. స్వామి క్షమించాడేమో. కానీ క్షమించవలసిన మనిషి ఎక్కడో ఉంది. ఎక్కడుందో వెతకబోతే, అతను కూడా ఆమెను వెతికే మనుషుల్లో ఒకడైపోతాడు. ఆమె ఆచూకీ కేదారికి ఎన్నటికీ తెలియకపోవడమే ఆమెకు క్షేమం.

బిడ్డలారా, ఈ కథ చెప్పే నీతి ఇది: ఒకరు మనల్ని నమ్మి చూపించిన మాట వాళ్ళదే గానీ మనది కాదు, వాళ్ళ మేలు కోసమని మనకు అనిపించినా సరే, వాళ్ళను అడగకుండా దాన్ని నలుగురిలో పెట్టకూడదు.