అంకమ్మ కోడలి కన్ను

అనగనగా అంటే మరీ అనగనగా కాదులే బుజ్జీ, మన పల్నాడులోనే రాళ్ళగుట్టల పక్కన ఒక ఊళ్ళో అంకమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టు మరి! నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు.

అంకమ్మకి పెద్ద గొర్రెల మంద ఉండేది. ఏ గొర్రె సూడిదో, ఏది ఎప్పుడు ఈనుతుందో చూడగానే చెప్పేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి ఆవిణ్ణే అడిగేవాళ్ళు. కానీ మహా మొండిది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

ఆ అంకమ్మకి ఒక కోడలు వచ్చింది. చిన్నపిల్ల, తల్లి లేని పిల్ల. కొన్నాళ్ళకి ఆ పిల్ల నీళ్ళోసుకుంది. తొలికాన్పు పుట్టింట్లో కదా చేస్తారు, మరి ఆ పిల్లకి పుట్టింట్లో తల్లే లేదాయె. అందుకని కాన్పు భారమంతా అత్త మీదే పడింది.

అప్పుడు సలోమి అనే నర్సమ్మ ఆ ఊరికి వచ్చింది. "మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళున్నారా పెద్దమ్మా?" అని అడిగింది.

"ఎవురూ లేరు" అనేసింది అంకమ్మ. అయిదో నెల వచ్చేదాకా కడుపు సంగతి బయట పెడితే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. కోడలు తలుపు చాటున నిలబడి వింటోంది.

ఆ తర్వాత నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి కడుపు దాచినా దాగేట్టు లేదు. కోడలికి ధనుర్వాతం సూది వేసి, రక్తం పట్టే మాత్రలిచ్చి, ఆసుపత్రికి రమ్మని చెప్పి పోయింది. ఆవిడ అటు వెళ్ళిందో లేదో, అంకమ్మ ఆ మాత్రలు తీసుకుపోయి చూరులో దోపేసింది.

"ఇయ్యి మింగితే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమైద్ది. నేను ఆరుగురిని కన్నా, ఒక్క మాత్ర మింగానా?" అంది. కోడలు మెట్లెక్కితే ఆయాసపడుతోంది, బిందె ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి. అయినా అత్తకి ఎదురు చెప్పే ధైర్యం లేదు పాపం.

ఆ తర్వాత మూడోసారి నర్సమ్మ వచ్చేసరికి అంకమ్మ దొడ్లో ఉంది. ఒక సూడి గొర్రెని పట్టుకుని, దాని కంటి రెప్ప కిందికి లాగి చూస్తోంది.

"ఏం చూస్తున్నావు పెద్దమ్మా?"

"లోపల ఎర్రగా ఉండాలమ్మా. తెల్లగా పాలిపోతే ఒంట్లో రక్తం లేనట్టే. అట్టాంటిది ఈనేటప్పుడు నిలవదు. ముందే కనిపెట్టి, మందేసి, మంచి మేత పెట్టుకోవాల."

నర్సమ్మ ఇంటి వైపు చూసింది. "మరి నీ కోడలి కన్ను చూశావా?" అంది.

అంకమ్మ నవ్వింది. నవ్వుతూనే కోడల్ని పిలిచి, రెప్ప కిందికి లాగింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అప్పుడు ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నోరులేని గొర్రెకి చేశానే, నా ఇంటి పిల్లకి చెయ్యలేదే!" అని అక్కడే కూలబడింది. మరుక్షణమే లేచింది. చూరులో మాత్రలు తీసింది, కోడల్ని బండెక్కించింది, తిన్నగా ఆసుపత్రికి పోయింది.

అక్కడ రక్తం పరీక్ష చేశారు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే కాన్పులో తల్లి దక్కేది కాదు" అంది డాక్టరమ్మ. మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో అంకమ్మ రెండుసార్లు అడిగి తెలుసుకుంది. అంకమ్మ ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు!

అప్పటినుంచి చూడాలి ఆవిణ్ణి! రోజూ దగ్గర కూర్చుని మాత్ర మింగించేది, వికారమంటే నిమ్మకాయ నీళ్ళిచ్చేది, మునగాకు వండి పెట్టేది. నెలనెలా ఆసుపత్రికి తీసుకుపోయేది. బీపీ చూసేటప్పుడు, తూకం వేసేటప్పుడు పక్కనే నిలబడి "ఎంతుంది? బాగుందా?" అని నర్సమ్మ ప్రాణం తీసేది.

నెలలు నిండాయి. ఆసుపత్రిలోనే కాన్పు. ఆ పిల్లకి రక్తం చాలా పోయింది. అయినా ముందే ఒంటికి రక్తం పట్టింది కాబట్టి తట్టుకుంది, బతికింది.

నర్సమ్మ బిడ్డని ఎత్తుకుని బయటికొచ్చింది. ఎవరైనా ముందు అడిగేది ఒకటే కదా, మగా ఆడా అని. నర్సమ్మ ఆ జవాబు చెప్పబోయింది.

"అది తర్వాత చెబుదువుగానిలే" అంది అంకమ్మ. "ముందు నా బిడ్డ ఎట్టా ఉందో చెప్పు. లోపలున్న నా బిడ్డ!"

నర్సమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇన్ని కాన్పులు చేశాను, ముందుగా ఈ మాట అడిగిన అత్తని నిన్నే చూశాను" అంది.

ఇదంతా నాకెలా తెలుసంటావా? ఆ తలుపు లోపల కాన్పు మంచం మీద పడుకుని ఆ మాట విన్నది నేనే తల్లీ. నేను ఆ అంకమ్మ కోడల్ని. ఈ మాట ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను. ఆవిడ తర్వాత ఎత్తుకుని ముద్దాడిన పిల్ల మీ అమ్మ.

మంద చేరె దొడ్డికీ,
కథ చేరె కంచికీ,
బుజ్జి చేరె పక్కకీ,
నిద్ర చేరె కంటికీ!