మంచుగొండలో కట్టెల దొంగ

అది ప్లవ నామ సంవత్సరం, పుష్యమాసం. మంచుగొండ రాజ్యంలో పళ్లు టకటకలాడే చలి.

ఆ ఉదయం రణభీమ మహారాజు సభకు వస్తూనే గర్జించాడు.

“పనివాళ్ల కోసం ఒకే కప్పు కింద చవకలో వరుస ఇళ్లు కట్టించాను. బండ్లకొద్దీ కట్టెలిస్తున్నాను. అయినా చలి చలి అని ఏడుపే! ఆ కట్టెలన్నీ ఏమవుతున్నాయి?”

“అమ్ముకుంటున్నారు ప్రభూ,” అన్నాడు ఆ ఇళ్లు కట్టిన విశ్వంభరాచార్యులు. “అంతా దొంగలు! రేపటి నుంచి కట్టెలు ఆపించండి.”

ఆచార్యులకు సన్మానాల పిచ్చి. ఏది కట్టినా రాజుగారు ఒక శాలువా కప్పేవారు. అన్నింటినీ ఒకదానిమీద ఒకటి వేసుకుని సభకు వచ్చేవాడు. దూరం నుంచి చూస్తే పరుపుచుట్ట నడిచి వస్తున్నట్టుండేది.

రాజుకు తాంబూలం అందించే గవరయ్య ఈ మాట విన్నాడు. అతని కూతురు పురిటిబిడ్డతో ఆ వరుస ఇళ్లలోనే ఉంది. కట్టెలు ఆగితే ఆ పసిగుడ్డు గతేం కాను? గవరయ్య తాంబూలం పళ్లెం పక్కనపెట్టి ముందుకొచ్చాడు.

“దొంగ ఉన్నమాట నిజమే మహాప్రభూ. మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నాడు. తమరు దయచేస్తే పట్టిస్తాను.”

ఆచార్యులు శాలువాలు సర్దుకున్నాడు. “నా గోడ దాటి చీమ కూడా పోలేదు! దొంగ పోయే కంత చూపించు, నా శాలువాతో నేనే మూస్తాను.”

“కంతకో శాలువానా అయ్యగారూ?”

“కంతకో శాలువా! రాజుగారి సాక్షిగా!”

అందరూ బయల్దేరారు. గవరయ్య కూతురి ఇంటికి చేరేసరికి బిడ్డకు అప్పుడే స్నానమైంది, సాంబ్రాణి వేయడానికి కుంపటి సిద్ధంగా ఉంది. గవరయ్య తల్లీబిడ్డలను పక్కింటికి పంపాడు. నిప్పులమీద గుప్పెళ్లకొద్దీ సాంబ్రాణి చల్లి, తలుపులు కిటికీలు బిగించి బయటికొచ్చాడు.

కాసేపటికి గడప కింద నుంచి పొగ వచ్చింది. కిటికీ చట్రం పక్కనుంచి వచ్చింది. చూరు పొడుగునా బుసబుసమంటూ వచ్చింది. కప్పుమీద బారులు తీరిన కాకులు ఉక్కిరిబిక్కిరై గోలచేస్తూ లేచాయి.

“అదిగో దొంగ! అదిగో ఇంకోడు!” గవరయ్య గంతులేశాడు.

“అది పొగ కదరా!” అన్నాడు రాజు.

“పొగ వేగులవాడు ప్రభూ, దొంగ పారిపోయే దారి చూపిస్తున్నాడు. దొంగ పేరు వెచ్చదనం. కట్టెలు కాల్చేది మావాళ్లు, చలి కాచుకునేది కాకులు!”

రాజు కాకులను చూశాడు. తర్వాత ఆచార్యులవైపు తిరిగాడు.

“ఆచార్యా, శాలువా.”

జరీ శాలువా గడప కిందికి పోయింది. పచ్చది కిటికీ సందులోకి పోయింది. చూరు దగ్గరికి ఆచార్యులు నిచ్చెన ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఎక్కినప్పుడల్లా సన్నబడ్డాడు. చివరికి ధోవతి ఒక్కటే మిగిలిన బక్కమనిషి నిచ్చెన దిగేసరికి, “ఈయనెవరు?” అని భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పొగ పోయాక కుంపటిలో నాలుగు పుల్లలు వేసి తలుపు మూశారు. లోపలికి వెళ్లిన రాజు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆచార్యులు గజగజ వణుకుతున్నాడు.

“పాపం, ఆయనకో శాలువా కప్పండ్రా!” అన్నాడు రాజు.

“మిగల్లేదు ప్రభూ. ఉన్నవన్నీ ఇంటికే కప్పాం!” అన్నాడు గవరయ్య.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కట్టెలు ఆపొద్దన్నాడు. మిగతా ఇళ్ల కంతలన్నీ మట్టీ గడ్డీ కలిపి మెత్తించమన్నాడు. తన శాలువా తీసి గవరయ్యకు కప్పితే, గవరయ్య దాన్ని మనవరాలికి చుట్టాడు.

ఆ ఒక్క ఇంటికి ఆచార్యులవారి సన్మానాలన్నీ ఖర్చయ్యాయి.