కోడి గెలికిన అర్జీ

దొడ్డి వెనక బూడిదకుప్ప మీద చుక్కల పెట్ట రోజూ పొద్దున్నే నాలుగు వాక్యాలు రాసుకునేది. ముందురోజు ఏం జరిగిందో అదే, ఉన్నదున్నట్టు. మధ్యాహ్నానికి గాలి చెరిపేసేది. చెరిపితే చెరపనీ! మర్నాడు మళ్లీ కాలు దువ్వేది. ఏడాదిగా ఇదే వరస.

నిన్న దాని పిల్లల్లో ఒకటి మాయమైంది. ఇంకా ఐదున్నాయి. ఎత్తుకుపోయింది నక్కేనని దొడ్డంతటికీ తెలుసు. కానీ రాసిచ్చిన అర్జీ ఉంటేనే పెద్దయ్య ఏనుగు తీర్పు చెబుతుంది. ఆ చుట్టుపక్కల అర్జీలు రాసేదేమో నక్క! ఇంకెవరికి చెప్పుకుంటారు?

"దిగులెందుకు చెల్లెమ్మా?" అంటూ నక్క రానే వచ్చింది. "గూటికి నన్నే కాపలా పెట్టమని అర్జీ రాసేస్తా."

"తిన్న మూతి తుడుచుకుని రా అన్నా, ముందు! నా అర్జీ నేనే రాసుకుంటా."

"ఈ కోడి గెలుకుడుతోనా?" నక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

ముసలి ఎద్దు హడలిపోయింది. "ఊరుకోవే తల్లీ! వాడి రాత ముత్యాలు. నీది చూసి పెద్దయ్య నవ్వాడంటే గూడు వాడి పాలైపోతుంది."

"నవ్వనీ తాతా. నవ్వాకైనా చదువుతాడుగా?"

పెట్టకు ఒక సంగతి తెలుసు. అక్షరాలు వచ్చాక, నక్క రాసిచ్చిన ఎద్దు అర్జీ, మేక అర్జీ చదివి చూసింది. రెండూ ఒక్కటే, పేర్లే వేరు. అందుకే ఏటి ఒడ్డున పెద్దయ్య ముందు మెడ నిక్కించి నిలబడింది.

"పెద్దయ్యా, నిన్న పొద్దున గూటి దగ్గర ఏం జరిగిందో ఇద్దరం ఇక్కడే, ఈ ఇసుకలోనే రాస్తాం. చదివి మీరే తేల్చండి."

"సరే, కానివ్వండి," అంది ఏనుగు.

అందరి ముందూ నక్క కాదనలేకపోయింది. తనకు కంఠతా వచ్చిన ఆ ఒక్క అర్జీనే చకచకా దింపేసింది. పెట్ట మాత్రం రోజూలాగే కాలితో గెలుకుతూ నాలుగు వాక్యాలు రాసింది.

ఏనుగు ముందు నక్కది చదివింది. "మా చెరువున చేపలు తగ్గిపోవుటచే మా రెక్కలు నీరసించినవి... ఒరేయ్, నీకు రెక్కలెప్పుడు మొలిచాయిరా?"

"అది... ఎప్పుడో కొంగలకు రాసింది పెద్దయ్యా, అలవాటులో..." నక్క నీళ్లు నమిలింది.

తర్వాత పెట్టది. "నిన్న తెల్లారాక పిల్లల్ని లెక్కపెట్టాను. ఆరుండాలి, ఐదే ఉన్నాయి. గూటి తలుపు దగ్గర పసుపు ఈకలు పడున్నాయి. అక్కణ్నుంచి నక్క బొరియ దాకా నెత్తురు చుక్కలున్నాయి, వచ్చి చూడండి."

ఏనుగు నవ్వలేదు. లేచి ఆ చుక్కల వెంటే బొరియ దాకా నడిచింది. సాయంత్రంలోగా నక్కను ఏరు దాటించి తరిమేశారు.

"ఎన్ని చెప్పు, నీ అక్షరాలు వంకరే!" అని అవతలి ఒడ్డునుంచి అరిచింది నక్క.

"వంకరే! రేపూ రాస్తా, ఎల్లుండీ రాస్తా. నీకేం?" అంది పెట్ట.

నీతి: వంకరగానైనా రోజూ రాసేవాళ్ల జోలికి, ఎప్పుడో ఒకసారి రాసి ఊరుకున్నవాళ్లు పోకూడదు.