మల్లప్ప అడిగిన మాట

వామనశర్మ చదువు పూర్తయింది. వేదం కంఠస్థం. ఉపనిషత్తులకు అర్థం చెప్పగలడు. అయినా కేశవావధాని గారు అతన్ని ఇంటికి పంపడం లేదు. ఇంకా ఏం తక్కువైందో శిష్యుడికి అంతుబట్టలేదు.

ఒక ఉదయం అవధాని గారు తుంగభద్రకు స్నానానికి వెళ్ళినప్పుడు, అవతలి ఒడ్డు నుంచి మల్లప్ప అనే ముసలి రైతు గురుకులానికి వచ్చాడు.

“సామీ, నా తమ్ముడు పోయి నెల కావస్తోంది. చేని గట్టు తగాదాలో వాడితో మాటలు మానేసినాను. పాడె కూడా మోయలేదు. వాడు మళ్ళా నాకు తమ్ముడై పుడతాడా? వాడికి ఒక మాట చెప్పుకునేది ఉంది.”

వామనశర్మకు ఉత్సాహం వచ్చింది. ఆత్మకు చావు లేదన్నాడు. దేహం పోయినా చేసిన కర్మ వెంట వస్తుందనీ, దాన్ని బట్టే మరో జన్మ అనీ చెప్పాడు. అన్నదమ్ముల బంధం దేహానిదే, అది వదిలితేనే మోక్షమన్నాడు. ఏ మాట ఏ ఉపనిషత్తులో ఉందో కూడా వివరించాడు.

“అంటే, వాడు నాకు ఇప్పుడు ఏమీ కాడా సామీ?”

“ఏమీ కాడు.”

మల్లప్ప దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

గురువు రాగానే వామనశర్మ జరిగిందంతా సంబరంగా చెప్పాడు. అవధాని గారి ముఖం వాడిపోయింది. తడిబట్టలతోనే రేవుకు పరుగెత్తారు. శిష్యుడూ వెంట పరుగెత్తాడు.

అప్పటికే ఏరు దాటించే పుట్టి నడిమధ్యకు చేరింది. “ఓ పెద్దాయనా!” అని అవధాని గారు గొంతెత్తి పిలిచారు. ఎదురుగాలి. పుట్టిలో ఎవరూ తల తిప్పలేదు.

“గురువుగారూ, నేను చెప్పినదాంట్లో తప్పుందా?”

“ఒక్క అక్షరం తప్పు లేదు నాయనా. నేను నేర్పిందే చెప్పావు.”



“పోయినవాడికి మనమైనా తర్పణం వదులుదాం” అంటూ అవధాని గారు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, దక్షిణానికి తిరిగి, దోసిలి పట్టారు. మంత్రం మొదలుపెట్టి, పోయినవాడి పేరు చెప్పాల్సిన చోట ఆగి శిష్యుడి వైపు చూశారు.

“ఆ తమ్ముడి పేరేమిటి?”

వామనశర్మ మల్లప్పను ఆ పేరు అడగనే లేదు.

అవధాని గారు దోసిలి చాచి అలాగే నిలబడ్డారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే కారిపోతున్నాయి.