ఏనుగు తాగిందా?

అనగనగా, వస్తానని మాటిచ్చి వాన మరిచిపోయే ఊరొకటి. ఆ ఊరి చివర ఒక చెట్టు. మొదలు ఉబ్బి ఉబ్బి, పదిమంది చేతులు కలిపినా చుట్టుకు రానంత లావు. ఏడాదిలో సగం నాళ్లు ఆకు ఉండదు. బూడిదరంగు బెరడు, దాని నిండా ముడతలు. అందుకే దాన్ని ఏనుగుమాను అనేవారు.

మాను పక్కన గుడిసెలో ఉరుకుందవ్వ ఉండేది. మాను బెరడు ఒలిచి, నార తీసి తాళ్లు పేనేది. లేత ఆకు పప్పులో వేసేది. కాయలోని పుల్లటి గుజ్జుతో చారు కాచేది. ఎండిన కాయ డిప్పలే ఆమెకు గిన్నెలు. నోరు మాత్రం కొంచెం పదును.

ఆ మాను లోపలంతా డొల్ల. డొల్ల నోరు పైన, కొమ్మలు చీలేచోట. వాన పడితే ఊరంతా చూరు కింద చేరేది, అవ్వ కడవ ఎత్తుకునేది. బండల మీద గుంటల్లో నిలిచిన నీళ్లు ముంచేది. మానుకు దిగ్గొట్టిన కొయ్యమేకులు పట్టుకుని ఎక్కేది. డొల్లలో పోసేది. మళ్లీ ముంచేది, మళ్లీ ఎక్కేది, మళ్లీ పోసేది.

"ఏమవ్వా, ఏనుగు తాగిందా?" అని కట్టెలు కొట్టే ఈరన్న నవ్వేవాడు.

"ఇంకా లేదురా. దాని కడుపు నీ బుర్రంత చిన్నదా?"

డొల్ల నిండాక ఈతాకుల మూత పెట్టి, తాడు బిగించి దిగేది.

ఒక ఏడు వాన రాలేదు. మరుసటేడు తుంపర రాల్చి పోయింది. ఆ పై ఏడు మబ్బు కూడా మొహం చూపలేదు. ఊరి బావి అడుగున తాబేలు వీపు ఎండింది. అప్పుడు అందరికీ ఏనుగుమాను గుర్తొచ్చింది. కడవలతో వచ్చారు. ఈరన్న గొడ్డలితో వచ్చాడు.

"పైకెక్కి ఎవరు ముంచుతారవ్వా? మాను మొదట్లో బొక్క పెడితే అదే కారుతుంది. అందరం ఒక్కసారే పట్టుకుంటాం."

అవ్వ చేతిలోని నార కింద పెట్టింది. మానుకు వీపు ఆనించి నిలబడింది.

"బొక్క పెట్టడం నీకొచ్చు. పూడ్చడం వచ్చా నాయనా? ఈ పొద్దు కడవలు నిండుతాయి. మిగతాదంతా ఇసుక తాగుతుంది. రేపు నీ కూతురు నీళ్లంటే గొడ్డలి చూపిస్తావా?"

వెనకనుంచి ఎవరో అన్నారు: "అంతా తనే దాచుకోవాలని."

అవ్వ తిరిగి కొయ్యమేకు పట్టుకుంది. వానల్లో ఈ చేతులే మోశాయి, ఈ మోకాళ్లే ఎక్కాయి. అది చెప్పినా వినే మొహాలు కావవి. ఎక్కింది. మూత తీసింది. తాను పేనిన తాడుకు డిప్ప కట్టి, నింపి, కిందికి వదిలింది.

"మనిషికో డిప్ప. ముందు బాలింతలు. తర్వాత ముసలోళ్లు. గొడ్డలి పట్టుకున్నాయన అందరి తర్వాత."

ఎవరో కిసుక్కుమన్నారు. ఈరన్న కూడా నవ్వి, గొడ్డలి పక్కన పెట్టి వరస చివర నిలబడ్డాడు.

రోజూ అంతే. అవ్వ ఎక్కేది, డిప్ప దిగేది. అందరూ తాగాక ఆఖరి డిప్ప తాను తాగేది. అలా వానలదాకా ఊరు బతికింది.

తొలివాన నాడు అవ్వ కడవ ఎత్తుకోబోతే ఈరన్న లాక్కున్నాడు. ఊరు ఊరంతా గుంటల దగ్గర్నుంచి మానుదాకా బారు తీరింది. అవ్వ గుడిసె గడపలో కూర్చుని కేకేసింది.

"ఒరే, ఏనుగు తాగిందా?"

"ఇంకా లేదవ్వా," అన్నాడు ఈరన్న పైనుంచి, రొప్పుతూ.

ఆ తర్వాత అవ్వ చాలా ఏళ్లు బతికింది. చాలామందిని తిట్టింది. ఒక ఎండాకాలం జ్వరంతో పోయింది. ఆ ఏడు వాన పడితే ఎవరి కడవ వాళ్ల చూరు కిందే ఉంది. కేకేసే మనిషి లేదు మరి. అప్పటికి జుట్టు నెరిసిన ఈరన్న తడుస్తూ వీధిలోకొచ్చి అడిగాడు: "ఏనుగు తాగిందా?"

ఒక్కో కడవా బయటికొచ్చింది.

ఇప్పటికీ అక్కడ మాను నిండనిదే ఇంట్లో కడవ నింపరు. మాను కింద డిప్ప అందుకోగానే పిల్లలు "ఏనుగు తాగిందా?" అంటారు. "తాగింది" అని పెద్దవాళ్లు చెప్పాకే మూతి పెడతారు. కట్టెలు కొట్టేవాళ్లు ఎవరూ చెప్పకుండానే వరస చివర నిలబడతారు.

వాళ్లూ తాగాక ఇంకొక్క డిప్ప దించుతారు. దాన్ని ఎవరూ ముట్టరు. అది అవ్వది. మాను మొదట్లో పోస్తారు.